మర ఒకటే, పెట్టె ఒకటే: ఆలందూరులో పాత లెన్సుల డైరీ

ఏప్రిల్, మొదటి వారం

ముందుగా హద్దులు గీసుకుంటున్నాను. పాత ఫిల్మ్ కెమెరాలు పోగుచేసే వాళ్ళలో చాలామంది ఏడాది తిరిగేసరికి బీరువా నింపేస్తారు. వాటిలో పనిచేసేవి ఎన్ని అని అడిగితే మాట మారుస్తారు. షోకేసు సేకరణ మీద నాకు కోపమేమీ లేదు, కానీ చెన్నై గాలిలో అద్దాల బీరువా అంటే బూజుకు ఇల్లు కట్టి ఇవ్వడమే. అందుకని ఈ ప్రాజెక్టుకు మూడు షరతులు. లెన్సు ఏదైనా సరే, ఎం42 మరదే కావాలి (మర అంటే లెన్సును కెమెరాకు తిప్పి బిగించే చుట్లు). మొత్తం సేకరణ గాలి చొరబడని ఒకే ఒక ప్లాస్టిక్ డబ్బాలో పట్టాలి. డబ్బాలో చోటు దక్కాలంటే ప్రతి లెన్సూ కనీసం ఒక రీలు తీసి చూపించాలి.

ఎం42 ఎందుకంటే, అది అందరి మర. వ్యాసం 42 మిల్లీమీటర్లు, ఒక్కో చుట్టుకు ఒక మిల్లీమీటరు. కంటాక్స్ ఎస్ కెమెరాతో 1949లో తూర్పు జర్మనీలో బయటికి వచ్చింది. తర్వాత ప్రాక్టికా, సోవియట్ జెనిత్, జపాను పెంటాక్స్ అందరూ అదే మర వాడారు. పెంటాక్స్ 1975లో దాన్ని వదిలి కె మౌంటు అనే వేరే బిగింపుకు మారింది. అంటే జర్మనీ, జపాను, సోవియట్ లెన్సులు మూడింటినీ ఒకే కెమెరాకు బిగించుకోవచ్చు. పేటెంట్లనీ ప్రత్యేక మౌంట్లనీ కంపెనీలు ఎవరి గోడ వాళ్ళు కట్టుకునే ఈ వ్యాపారంలో ఇలాంటి ఉమ్మడి వాకిలి అరుదు.

ఇంకో లాభం ఉంది. ఎం42లో లెన్సు ఆనే అంచు నుంచి ఫిల్ము దాకా దూరం 45.46 మిల్లీమీటర్లు. కెనాన్ డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లలో ఆ దూరం 44, కాబట్టి పలుచని రింగు ఒకటి వేస్తే చాలు, లెన్సు దూరంలోని కొండ మీద కూడా ఫోకస్ అవుతుంది. నికాన్ ఎఫ్ మౌంటులో అది 46.5. ఇక్కడ లెన్సు ముందుకు జరిగిపోతుంది కనుక మధ్యలో అదనపు గాజు లేకుండా దూరం ఫోకస్ కాదు. నికాన్ ఉన్న స్నేహితులు ఈ సంగతి తెలియక రింగు కొని, తర్వాత నాకు ఫోన్ చేస్తుంటారు.

ఏప్రిల్ చివర

మెట్రోలో వడపళని దిగి సాలిగ్రామం వెళ్ళాను. అక్కడ తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక స్టిల్ ఫొటోగ్రాఫర్ ఉన్నారు. తెలుగు సినిమా మద్రాసులోనే ఉన్న రోజుల్లో పని మొదలుపెట్టి, పరిశ్రమ హైదరాబాదు తరలిపోయినా ఇల్లు మార్చని మనిషి. ఆయన యాషికా మ్యాట్ కెమెరా జోలికి ఎవరినీ రానివ్వరు, కానీ అటక మీద ఉన్న జెనిత్-ఇ కెమెరా సంచి మాత్రం కిందికి దింపించారు.

జెనిత్-ఇ మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ సరుకు. 1965లో మొదలైంది, ముప్ఫై లక్షలకు పైగా తయారయ్యాయి. అరవైలు, డెబ్భైల సోవియట్ వస్తువులు వాడిన వాళ్ళకు ఆ బరువు గుర్తే ఉంటుంది. షట్టరు వేగాలు సెకనులో 30వ వంతు నుంచి 500వ వంతు దాకా, వాటితో పాటు మీట నొక్కినంతసేపూ తెరిచి ఉండే బి. అంతే. దానికి బిగించి ఉన్నది హీలియోస్ 44-2, 58 ఎంఎం, ఎఫ్/2. యుద్ధం తర్వాత జర్మనీ జైస్ కంపెనీ వారి బయోటార్ లెన్సు నమూనా మీద సోవియట్లు చేసిన లెన్సు. ముందు రింగు మీది నంబరు 78తో మొదలవుతోంది. సోవియట్ లెన్సుల్లో మొదటి రెండు అంకెలు సాధారణంగా తయారైన సంవత్సరమే, అంటే ఇది 1978 నాటిది.

లెన్సును తోలు సంచిలోంచి తీస్తుంటే మాస్టారు విసుక్కున్నారు.

“అమ్మాయ్, ముందు ఆ సంచి అవతల పారెయ్. ఈ ఊళ్ళో కెమెరాకు తోలు సంచి తొడగడమంటే తడిబట్టతో నిద్రపుచ్చడమే.”

“మరి మీరే ఇన్నాళ్ళూ అందులో ఉంచారు కదా మాస్టారూ?”

“అందుకే చెబుతున్నా.”

డబ్బు తీసుకోనన్నారు. తీసిన ఫొటోల ప్రింట్లు తెచ్చి చూపించమన్నారు. ఇది డబ్బు కంటే ఖరీదైన షరతు.

వస్తూ వస్తూ మూర్ మార్కెట్ కబుర్లు చెప్పారు. సెంట్రల్ స్టేషన్ పక్కన 1900లో కట్టిన ఆ ఎర్ర భవనం 1985లో తగలబడేదాకా సెకండ్ హ్యాండ్ సామానుకు అదే కాశీ అట. ఇప్పుడు ఆ చోట సబర్బన్ రైళ్ళ టెర్మినల్ ఉంది, వ్యాపారులు పక్కనే లిల్లీ పాండ్ కాంప్లెక్స్‌కు మారారు. అక్కడ ఇప్పటికీ పాత పుస్తకాలు బాగా దొరుకుతాయి. లెన్సుల కోసం వెళితే మాత్రం నిరాశే.

మే, మొదటి పక్షం

హీలియోస్ పని. లెన్సు కొనేటప్పుడు కూడా ఇదే పరీక్ష చేయాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అపెర్చర్ (రేకులతో మూసి తెరిచే వెలుగు రంధ్రం) పూర్తిగా తెరిచి, గది దీపం ఆర్పి, లెన్సు ముందు నుంచి టార్చిని ఏటవాలుగా కొట్టి వెనక నుంచి చూడాలి. టార్చి నేరుగా కొడితే మంచి లెన్సు కూడా భయపెడుతుంది. ధూళి చుక్కలు పట్టించుకోనక్కర్లేదు, కొత్త లెన్సులోనూ ఉంటాయి. గాజంతా సమంగా పొగచూరినట్టు ఉంటే అది లోపలి గ్రీజు ఆవిరై పేరుకున్న పొర, చాలాసార్లు తుడిస్తే పోతుంది. అంచుల దగ్గర ఇంద్రధనుస్సు రంగులు కనబడితే రెండు గాజులను అతికించిన జిగురు విడిపోతోందని అర్థం, ఆ లెన్సును దుకాణంలోనే వదిలేసి రావాలి. సన్నని దారాలు కొమ్మలుగా చీలి పాకి ఉంటే అదే బూజు. నా హీలియోస్‌లో అపెర్చర్ రేకులకు అటూ ఇటూ ఉన్న గాజుల మీద, రూపాయి బిళ్ళలో పావు వంతు మేర, ఆ దారాలు ఉన్నాయి.

బూజుకు గాజు ఆహారం కాదు. గాజు మీది వేలిముద్రల జిడ్డు, ధూళిలోని సేంద్రియ పదార్థం తిని బతుకుతుంది. అది విడిచే ఆమ్లం కోటింగును తినేస్తుంది. తొందరగా తుడిస్తే మచ్చ ఉండదు, ఏళ్ళు గడిస్తే బూజు పోయినా దాని ముద్ర మిగులుతుంది. తేమ 60 శాతం దాటిన చోటల్లా దీనికి పండగే. చెన్నైలో తేమ దానికి దిగువన ఉండే రోజులు తక్కువ.

ముందు రింగును రబ్బరు బిరడాతో అదిమి తిప్పితే వచ్చేసింది. దాని వెనక గాజుల గుత్తి చేతితోనే ఊడింది. ఫోకస్ రింగును పట్టి ఉంచే మూడు చిన్న మరమేకులలో రెండు వదులయ్యాయి, మూడోది మొండికేసింది. దాని మీద ఒక చుక్క అసిటోన్ వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున వచ్చింది. సోవియట్ మేకులకు తిన్నటి గాడి ఉంటుంది కనుక మామూలు చిన్న స్క్రూడ్రైవరు సరిపోతుంది. జపాను కెమెరాల కూడలి గాడి మేకులు వేరు. వాటి ప్రమాణం జెఐఎస్. ఫిలిప్స్ డ్రైవరు పెడితే తల చెడిపోతుంది.

అసలు మెలకువ హెలికాయిడ్ దగ్గర ఉంది. ఫోకస్ కోసం ఒకదానిలో ఒకటి తిరిగే ఈ గొట్టాలకు మరలు ఒకే చోట మొదలుకావు, చుట్టూ పలుచోట్ల మొదలవుతాయి. తిరిగి బిగించేటప్పుడు ఏ మొదలులోనైనా గొట్టం దూరుతుంది, తిరుగుతుంది కూడా. కానీ ఒక్క చోట దూరితేనే దూరం సరిగా ఫోకస్ అవుతుంది. అందుకని గొట్టాలు విడిపోయే క్షణంలో రెండింటి మీదా సూదితో ఒకే గీత గీయాలి. ఎండి మైనంగా మారిన పాత గ్రీజును నాఫ్తాతో కడిగి, కొత్త గ్రీజు పలుచగా రాశాను. గ్రీజు ఎక్కువైతే రేపు అది అపెర్చర్ రేకుల మీదికే పాకుతుంది.

బూజుకు మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా సమపాళ్ళలో, అప్పటికప్పుడు కలిపి, కిటికీలు తెరిచి వాడాను. దూదిపుల్లతో అద్ది, నిమిషం ఆగి, మధ్య నుంచి అంచుకు తుడిచి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాను. దారాలు పోయాయి. ఒక చోట మాత్రం కోటింగు మీద వెంట్రుక మందం ముద్ర ఉంది. ఫొటోలో అది కనబడదు, ఎదురెండలో కాంట్రాస్టు కొంచెం తగ్గుతుంది. దానికోసం గాజును ఇంకా రుద్దడం నాకు ఇష్టం లేదు.

బిగించాక మేడ ఎక్కి, మిర్రర్‌లెస్ కెమెరాకు రింగుతో తగిలించి పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్ కొండ) మీదికి గురిపెట్టాను. చర్చి గోడ అంచు పదునుగా వచ్చింది, ఫోకస్ రింగు అనంతం గుర్తు దగ్గరే ఆగింది.

మే చివర, రోహిణి కార్తె

రోళ్ళు పగిలే ఎండలను వాడుకునే పని ఒకటి ఈ ప్రాజెక్టులో ఉంది. సూపర్ తకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 వచ్చింది, పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌తో పాటు. ప్రకటనలో “మింట్ కండిషన్” అని ఉంది. ఈ మాటకు మన ప్రకటనల్లో అర్థం “నేను తెరిచి చూడలేదు” అని. అయినా ధర న్యాయమైనదే కాబట్టి తీసుకున్నాను.

లెన్సులోంచి తెల్ల కాగితం చూస్తే చిక్కటి టీ రంగు. ఇది మురికి కాదు. ఈ లెన్సు ఏడు గాజుల రకంలో ఒక గాజుకు థోరియం కలిపారు. ఎక్కువ వక్రీభవనం, తక్కువ రంగుల చెదరింపు కోసం అప్పట్లో అదొక మార్గం. థోరియం రేడియోధార్మికతే కాలక్రమంలో ఆ గాజుకు పసుపు తెస్తుంది. థోరియం-232 అర్ధాయుష్షు సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు, కాబట్టి మన జీవితకాలంలో అది తగ్గుతుందని ఎదురుచూడనక్కర్లేదు. కెమెరాకు తగిలించి ఫొటోలు తీసుకుంటే భయపడాల్సింది లేదు. గాజు పగలగొట్టి పొడి చేయడం, కంటికి ఆనించుకునే ఐపీస్‌గా వాడడం మాత్రం కూడదు.

పసుపు రంగును అతినీలలోహిత కిరణాలు విరగ్గొడతాయి. లెన్సు వెనక వైపు అల్యూమినియం రేకు చుట్టి, ముందు వైపు ఆకాశానికి పెట్టి పిట్టగోడ మీద ఉంచాను. రేకు లేకపోతే లెన్సు భూతద్దమై వెనక ఉన్న దాన్ని కాల్చేస్తుంది. పొద్దున తొమ్మిది దాటాక నీడకు మార్చి, మళ్ళీ సాయంత్రం బయట పెట్టేదాన్ని. నడినెత్తి ఎండలో వదిలితే గ్రీజు కరిగి అపెర్చర్ రేకుల మీదికి జారుతుంది, గాజుల మధ్య జిగురుకూ మంచిది కాదు. ఎదురింటి మామి నేను వడియాలు పెడుతున్నానేమో అని చూసి, తర్వాత అడగడం మానేశారు. వారం గడిచేసరికి టీ రంగు నిమ్మరసం రంగుకు దిగింది. ఇంకొన్నాళ్ళు ఉంచితే ఇంకా తేరుకునేదే, కానీ నలుపు తెలుపు ఫిల్ముకు ఆ కాస్త పసుపు అడ్డు రాదు, పలుచని పసుపు ఫిల్టరు ఉచితంగా వచ్చినట్టే.

జూన్

రిచీ స్ట్రీట్, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు. ఫొటో ట్రాన్సిస్టరు ఒకటి, ఆడియో పిన్ను ఒకటి కొన్నాను. షట్టరు వేగం కొలిచే పరికరానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కెమెరా వెనక తలుపు తెరిచి, ముందు దీపం పెట్టి, ఫిల్ము ఉండే చోట ట్రాన్సిస్టరు ఉంచి, కంప్యూటరు మైకు రంధ్రానికి తగిలిస్తే షట్టరు తెరుచుకోవడం ఒక శిఖరంగా, మూసుకోవడం ఇంకో శిఖరంగా తెర మీద పడతాయి. మధ్య దూరమే సమయం. 30వ వంతుకు 33 మిల్లీసెకన్లు, 500వ వంతుకు 2 మిల్లీసెకన్లు రావాలి.

జెనిత్ 500వ వంతు దగ్గర మూడు మిల్లీసెకన్లకు పైగా చూపిస్తోంది. అంటే స్టాపులో (వెలుగు రెట్టింపయ్యే ఒక మెట్టులో) సగానికి పైగా ఎక్కువ వెలుగు. నెగెటివ్ ఫిల్ము దీన్ని నవ్వుతూ భరిస్తుంది. స్పాట్‌మాటిక్ సంగతే చికాకు. గుడ్డ తెర అడ్డంగా పరుగెత్తే షట్టరు కాబట్టి, రెండు అంచుల్లోనూ మధ్యలోనూ కొలవాలి. 1000వ వంతు దగ్గర ఒక అంచున సమయం బాగా తక్కువ వచ్చింది, మొదటి తెర బద్ధకించి రెండోది దాన్ని తరుముతోంది. స్ప్రింగు బిగించడం కంటే ముందు ఇరుసులు శుభ్రం చేయాలని మాస్టారి సలహా. ఎండిన నూనెను అలాగే ఉంచి స్ప్రింగు బిగిస్తే, ఈ రోజు సరిపోతుంది, రేపు తెర చిరుగుతుంది. ఇరుసులు కడిగాక అంచుల తేడా చాలావరకు సర్దుకుంది. ఇక 1000 జోలికి పోను, 500 దాకా నమ్మకంగా ఉంది.

స్పాట్‌మాటిక్ మీటరుకు ఒక మంచి గుణం. నాటి కెమెరాలు చాలావాటికి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కావాలి. పర్యావరణ కారణాల వల్ల ఇప్పుడవి రావు. ఇప్పటి 1.55 వోల్టులది వేస్తే ఆ మీటర్లు తప్పు చెబుతాయి. స్పాట్‌మాటిక్‌లో బ్రిడ్జి సర్క్యూట్ ఉంది, వోల్టేజి మారినా లెక్క చెదరదు. జెనిత్‌కు సెలీనియం మీటరు, బ్యాటరీయే లేదు, కానీ నా దానిలో ముల్లు మధ్యాహ్నానికీ సాయంత్రానికీ ఒకే సమాధానం ఇస్తోంది. దాన్ని అలంకారంగా వదిలేశాను.

వెనక తలుపు గాడుల్లో నల్ల స్పాంజి తారులా జిగురైంది. పుల్లతో గీకి, ఆల్కహాలుతో తుడిచి, కొత్త స్పాంజి అతికించాను. రాయడానికి ఇంతకంటే ఏమీ లేదు, చేయడానికి మాత్రం ఒక పూట పట్టింది.

ఆగస్టు

మొదటి రీళ్ళు. ఐఎస్ఓ 400 ఫిల్ముతో మెరీనాకు వెళ్ళడం చెన్నైలో కొంచెం సాహసమే. మంచి ఎండలో ఎఫ్/16, ఐఎస్ఓ అంకె ఎంతో అన్నో వంతు వేగం అనే ఎండ సూత్రం ప్రకారం ఎఫ్/16, 400వ వంతు. జెనిత్‌లో 500 కంటే వేగం లేదు, హీలియోస్ 16కు మించి మూసుకోదు, ఇసుక తిప్పికొట్టే వెలుగు అదనం. పసుపు ఫిల్టరు ఒక స్టాపు తినేస్తుంది కాబట్టి బతికిపోయాను. హీలియోస్‌కూ తకుమార్‌కూ ఫిల్టరు మర 49 మిల్లీమీటర్లే, ఒక్కటి కొంటే రెండింటికీ సరిపోయింది.

రీలు కడగడం ఇంట్లోనే. డి-76 డెవలపరు పొడి కొనడం కంటే కలుపుకోవడం చౌక. ప్యారీస్ కార్నర్ వైపు కెమికల్ షాపుల్లో సరుకు తెచ్చుకున్నాను. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. కోడాక్ ఈ డెవలపరును తెచ్చింది 1920లలో, సూత్రం అప్పటి నుంచీ బహిరంగమే. వరస ముఖ్యం. చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాక మిగతా సల్ఫైట్. సల్ఫైట్ మొత్తం ముందే పోస్తే మెటాల్ కరగనని భీష్మించుకుంటుంది.

పుస్తకాలన్నీ 20 డిగ్రీలు అంటాయి. ఆలందూరు కుళాయి నీళ్ళు ఆగస్టులో 30 పైనే. బకెట్‌లో ఐసు వేసి 20కి దించవచ్చు గానీ, ఆ తర్వాత హైపో (బొమ్మను స్థిరపరిచే ద్రావణం), కడిగే నీళ్ళు అన్నీ అదే చల్లదనంలో ఉంచాలి. వేడి చల్లదనాల మధ్య దూకితే ఫిల్ము మీది ఎమల్షన్ పొర ముడతలు పడుతుంది. నేను 24 దగ్గర స్థిరపడ్డాను. హెచ్‌పీ5 ఫిల్ముకు ఒకటికి ఒకటి నీళ్ళు కలిపిన డి-76లో 20 డిగ్రీల వద్ద 11 నిమిషాలు, 24 దగ్గర 8కి కాస్త తక్కువ. ఐదు నిమిషాలకు దిగనివ్వకూడదు, దిగితే కడుగు సమంగా పడదు.

హీలియోస్ పూర్తిగా తెరిచి, శాంథోమ్ వైపు చెట్ల నేపథ్యంలో తీసిన ముఖాల వెనక ఆకుల వెలుగు చుక్కలు సుడి తిరిగాయి. ఈ సుడి కోసమే ఇప్పటి పిల్లలు ఈ లెన్సు వెంట పడుతున్నారు. ఒక రీలులో రెండు సార్లు బాగుంటుంది, మూడోసారి విసుగు. నాకు నచ్చింది అదే లెన్సు ఎఫ్/5.6 దగ్గర చేసిన పని. లైట్‌హౌసు ఎర్ర చారలు, ముందు నిలబడ్డ సుండల్ (గుగ్గిళ్ళ) బండి మీది అక్షరాలు రెండూ చదవడానికి వీలుగా ఉన్నాయి.

మాస్టారు ప్రింట్లు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. సుడి ఫొటోలు పక్కన పెట్టేసి, సుండల్ బండిది ఉంచుకున్నారు. “దీంట్లో వేళ్ళు పదునుగా ఉన్నాయి” అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ మాటకే లోపలి నుంచి కాఫీ వచ్చింది.

నవంబరు

ఈశాన్య రుతుపవనం. గదిలో తేమ మీటరు 88 చూపిస్తోంది, డబ్బాలో 45. అసలు సేకరణ అంటే ఈ రెండు అంకెల మధ్య తేడాను కాపాడడమే, మిగతాదంతా షాపింగు. నీలం సిలికా జెల్ మానేసి నారింజ రంగుది వేశాను. నీలంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, దాన్ని వంటింట్లో వేడిచేయడం నాకు ఇష్టం లేదు. నారింజ రంగు ఆకుపచ్చకు మారితే తడి తాగేసిందని గుర్తు, ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. మరీ 30కి దించకూడదు, గ్రీజు, షట్టరు గుడ్డ ఎండిపోతాయి. కలరా ఉండలు వేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఆవిరి గాజు మీదే పేరుకుంటుంది, వద్దు. తోలు సంచులన్నీ విడిగా, గాలి ఆడే చోట వేలాడుతున్నాయి.

డిసెంబరు

జూపిటర్-37ఎ దొరికింది. 135 ఎంఎం, ఎఫ్/3.5, పన్నెండు రేకుల అపెర్చర్. ఎంత మూసినా రంధ్రం గుండ్రంగానే ఉంటుంది. డబ్బా నిండిపోయింది కాబట్టి ఒకటి వెళ్ళాలి. మధ్యలో వచ్చిన తూర్పు జర్మనీ పెంటకాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 వైపు చూశాను. రేకులకు నూనె పట్టి ఆలస్యంగా మూసుకోవడం ఆ లెన్సుల పుట్టు గుణం, నేను కడిగాక చక్కగా ఎగురుతున్నాయి. కానీ తకుమార్ పక్కన అదే 50 ఎంఎం ఇంకొకటి ఎందుకు? గిండీలో ఇంజినీరింగ్ చదివే కర్నూలు కుర్రాడు ఒకడు పాత ప్రాక్టికా తెచ్చుకుని లెన్సు లేక తిరుగుతున్నాడు. వాడికి ఇచ్చేశాను, రీలు తీసి నెగెటివ్‌లు చూపించాలన్న మాట మీద.

జూపిటర్ టార్చి పరీక్షలో గాజు శుభ్రంగా ఉంది, ఫోకస్ రింగు మాత్రం చలికాలం ఆముదంలా కదులుతోంది. సంక్రాంతికి ముందు విప్పి గ్రీజు మార్చాలి. నాఫ్తా సీసా అడుగంటింది, వచ్చే శనివారం తెచ్చుకోవాలి.